మేస్త్రీ ఇంట్లో ఎలుక

మా అమ్మాయి కాన్పుకు పుట్టింటికి రావడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా, పుట్టబోయే బిడ్డ కోసం దాచిన పాత నూలుచీరలు బీరువా కింది అరలోంచి బయటికి తీశాను. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు. చింపి పొత్తిగుడ్డలు చేద్దామని మడత విప్పితే నల్లజీలకర్రలాంటివి జలజలా నేల మీద రాలాయి. చీరల్లో జీలకర్ర పోసి దాచే పిచ్చి నాకింకా పట్టలేదు. వంగి చూస్తే ఎలుక పెంటికలు. ఒకదాన్ని పుల్లతో నొక్కాను. పాతదైతే పొడిపొడి అయిపోతుంది. ఇది మెత్తగా అణిగింది. అంటే నిన్నో మొన్నో వచ్చి వెళ్ళిన చుట్టమన్నమాట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాది వేలూరు పక్కన తొరపాడి. మా ఆయన తాపీమేస్త్రీ. ముప్పై ఏళ్ళు అందరికీ ఇళ్ళు కట్టి, చివరికి మాకోసం ఒకటి తన చేతులతోనే కట్టుకున్నాడు. మాకు ఒక్కతే కూతురు. గుడియాత్తంలో ఇచ్చాం. రెండేళ్ళ క్రితం మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఆ తర్వాత మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. కాన్పు మా ఇంట్లో, నా చేతుల మీద జరగాలని నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఈ ఎలుక నాకన్నా ముందొచ్చి పురిటిగది చూసుకుని పోయింది.

మా ఆయన పని నుంచి రాగానే పెంటికలు కాగితంలో పెట్టి చూపించాను.

"ఇదో, ఇంట్లో ఎలుక ఉండాది."

"నేను కట్టిన ఇంట్లోకి ఎలుక యాడ్నుంచి వస్తాది?" అన్నాడు. కాగితంలోకి తొంగి చూసి, "అది మిరియం" అన్నాడు.

"మిరియమైతే ఒకటి నోట్లో వేసుకోని చెప్పు."

"మెల్లిగా మాట్లాడు. దానికి వినపడతాది."

ఎలుకను పట్టే మాట ఇంట్లో పైకి అనకూడదని, అంటే అది విని జాగ్రత్తపడుతుందని మా వాళ్ళ నమ్మకం. ఇంట్లో లేని ఎలుకకు చెవులు మాత్రం ఎట్లా ఉన్నాయో మా ఆయననే అడగాలి. నేను చిత్తూరు పక్క పల్లెలో తెలుగు బడిలో చదువుకున్నదాన్ని. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం అరవంలోనే. కాబట్టి ఆయన గురించి ఇక్కడ ఎంత రాసినా నాకు భయం లేదు.

ఆ రోజు నుంచి నేను పోలీసునైపోయాను. పడుకునే ముందు వంటింటి గట్టు మీదా గుమ్మాల దగ్గరా పలచగా బియ్యప్పిండి చల్లాను. తెల్లారి చూస్తే పిండి నిండా బుల్లి బుల్లి కాళ్ళు, మధ్యలో తోక ఈడ్చిన గీత. స్నానాల గదిలో సబ్బు ఒక పక్క రంపంతో కోసినట్టు ఉంది. ఫ్రిజ్ వెనక ముక్కు పెడితే ఉచ్చ కంపు. గోడ అంచు వెంబడి నేలకు బెత్తెడు ఎత్తులో నల్లటి జిడ్డు చార. ఎలుక ఎప్పుడూ ఒకే దారిన, గోడకు ఒళ్ళు రాసుకుంటూ పోతుంది. ఆ జిడ్డే దాని రోడ్డు. మా ఆయన ఆ చార చూసి, "నువ్వు తుడిచే గుడ్డ మురికి" అన్నాడు. ఎలుక తప్పు కూడా నాదే అయింది.

ఎలుకమందు పెడదామంటే వీల్లేదు. కడుపుతో ఉన్న పిల్ల అడుగుపెట్టబోయే ఇంట్లో ప్రాణం తీయకూడదు. జిగురు అట్ట కూడా అంతే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినా గుడియాత్తం నుంచి మా వియ్యపురాలు ప్రత్యేకంగా ఫోన్ చేసి మరీ చెప్పింది. ఎలుక సంగతి ఆమె దాకా ఎట్లా పోయిందంటే, నేనే కడుపుబ్బు ఆపుకోలేక అమ్మాయితో అన్నాను.

"వదినా, చంపే పని మాత్రం పెట్టుకోవద్దు. దాన్ని పట్టుకోని యాడన్నా వదిలేయండి."

వదిలేయడానికి ముందు అది దొరకాలి కదా. బోను కొన్నాను. మసాలా వడ కట్టాను. మొదటి రోజు వడ పోయింది, ఎలుక లేదు. రెండో రోజు ఎండుచేప పెట్టాను. బోను తలుపు టప్పుమని పడింది. మా ఆయన బోనును బండికి తగిలించుకుని వెళ్ళి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఐదు నిమిషాల్లో ఎంత దూరం పోతాడు మనిషి? వీధి చివర ఖాళీ స్థలంలో వదిలి వచ్చాడట. మూడో రోజు మళ్ళీ ఒకటి పడింది. అదే మొహం, అదే చూపు. నాకు అనుమానం వచ్చి, మా ఆయన గేటుకు వేసి మిగిల్చిన నీలం రంగు డబ్బా తెచ్చి, కమ్మీల సందులోంచి దాని తోకకు రంగు పూశాను. ఆయన దాన్ని మళ్ళీ వీధి చివరే వదిలాడు. రెండు రోజుల తర్వాత బోనులో నీలం తోక ఆడిస్తూ అదే కూర్చుని ఉంది.

"చూసుకో. నీ అల్లుడికన్నా ఎక్కువసార్లు వస్తా ఉండాది మన ఇంటికి" అన్నాను.

అప్పుడు గాని ఆయనకు వదిలిన ఎలుకే తిరిగొస్తోందని నమ్మకం కలగలేదు. విరించిపురం దాకా తీసుకుపోయి పాలారు ఇసుకలో వదిలి వచ్చాడు. నీలం తోక మళ్ళీ కనిపించలేదు. దాని చోట నలుపు తోకలు రెండు వచ్చాయి.

పట్టడం కాదు, రాకుండా చూడాలని నాకు అర్థమైంది. బియ్యం, పప్పులు స్టీలు డ్రమ్ముల్లోకి మార్చాను. చెత్తబుట్టకు మూత పెట్టాను. పక్కింటి మునగకొమ్మ మా డాబాను తాకుతుంటే బతిమాలి కొట్టించాను. మిగిలినవి మా ఆయనకు ఒక్కొక్కటీ చూపించాను. వంటింటి తూము, గ్యాసు పైపు గోడలోకి పోయే చోటు, పెరటి తలుపు కింద వేలెడు సందు. బొటనవేలు పట్టే సందు చాలు, ఎలుక తల దూరుస్తుంది, తల దూరితే ఒళ్ళూ దూరుతుంది. ఆయన గొణుక్కుంటూనే తూముకు జాలీ బిగించాడు, తలుపు కింద రేకు కొట్టాడు, పైపు చుట్టూ సిమెంటు పూశాడు. పని చేస్తే వంక పెట్టలేం. కానీ పడగ్గది అటక మీద ఒకసారి చూడమంటే మాత్రం, "ఆడ ఏముండాది? సుమ్మా ఉండు" అని అరవంలో నోరు మూయించేవాడు. నేను ఎక్కబోతే మోకాలు నొప్పి గుర్తుచేసేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మోకాలి మీద అంత ప్రేమ ఎప్పుడూ చూపించలేదు.

ఇంతలో సీమంతం రోజు వచ్చింది. గుడియాత్తంలో మా అమ్మాయి అత్తగారింట్లో గాజులు తొడిగి, ఐదు రకాల అన్నాలు తినిపించి, ఆ సాయంత్రమే పిల్లను మాతో పిలుచుకుని రావాలి. ముందు రోజు నేనొక బుద్ధితక్కువ పని చేశాను. పిల్లకు కొన్న ఆకుపచ్చ పట్టుచీరనూ లడ్డు డబ్బానూ ఒకే గుడ్డసంచిలో సర్ది మంచం మీద పెట్టాను. ఎలుకల గురించి ఊరందరికీ పాఠం చెప్పే మనిషిని, తియ్యటి వాసన పక్కన పట్టుచీర పెట్టాను. పొద్దున తొందరలో సంచి తెరిచి చూసుకోకుండానే మా ఆయనతో బస్సెక్కాను.

పదిమంది ముత్తయిదువుల మధ్య వియ్యపురాలు చీర తీసి, పిల్ల భుజం మీద వేద్దామని మడత విప్పింది. మడతకొకటి చొప్పున ఒకే ఆకారంలో నాలుగు కంతలు. అంచు కొరికిన పోగులు రాలి మా అమ్మాయి పొట్ట మీద పడ్డాయి. వియ్యపురాలు చీర మళ్ళీ మడిచి పళ్ళెంలో పెట్టి, ఇంట్లో ఉన్న ఇంకో చీర తెప్పించి గాజుల తంతు నడిపించింది. నేను తలెత్తకుండా పిల్లకు పసుపు రాశాను. ఎలుక మీద కోపం, మొగుడి మీద కోపం, అన్నిటికన్నా నా మీద నాకు కోపం.

అన్నీ అయ్యాక వియ్యపురాలు నన్ను పెరట్లోకి పిలిచింది.

"వదినా, కోపం చేసుకోవద్దు. మా వీధిలో ఒక చంటిబిడ్డకు ఎలుక కాలివేలు కొరికేసినాది. పాల వాసనకు వస్తాయి. పోయినసారి ఏం జరిగినాదో నీకూ తెలుసు. ఈ బిడ్డ మీద నేను ధైర్యం చేయలేను. ఎలుక లేదు అని నువ్వు నీ నోటితో ఒక్క మాట చెప్పు, ఇప్పుడే పంపిస్తాను."

ఆ ఒక్క మాట నా నోటి చివర దాకా వచ్చింది. అబద్ధమే కదా, చెప్పేస్తే పోయేది. కానీ పుట్టబోయే బిడ్డ మీద అబద్ధం ఎట్లా చెప్పను? ఆమె అన్నదాంట్లో తప్పేమైనా ఉంటే తిట్టుకునేదాన్ని. తప్పు లేకపోవడంతో ఇంకా ఒళ్ళు మండింది.

బయలుదేరేటప్పుడు మా అమ్మాయి చేతినిండా గాజులతో నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నన్ను పిల్చుకోని పో. నాకు నీ దగ్గరే కావాల" అంది, చిన్నపిల్లలాగా.

"వచ్చే శుక్రవారం" అన్నాను. గాజులు తొడిగించుకున్న పిల్లను వదిలిపెట్టి ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన తల్లి మా వైపు ఇంకొకతె ఉంటుందని నేననుకోను. బస్సులో మా ఆయన పళ్ళికొండ దాటినా నోరు విప్పలేదు. నేను మాత్రం విప్పిన నోరు మూయలేదు. ఊరందరికీ కోటలు కట్టే మేస్త్రీ ఇంటికి ఎలుకలే కాపలా అన్నాను. నీ గోడలకన్నా పుట్ట నయం అన్నాను. మామూలుగా అయితే తన పనిని ఒక్క మాట అంటే ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఆదివారం. కింద సందులన్నీ మూసినా ఎలుకలు వస్తున్నాయంటే దారి కింద లేదు. ముందురోజు రాగానే బీరువా పైన పిండి చల్లి ఉంచాను. పొద్దున స్టూలెక్కి చూస్తే అడుగులు అటక అంచు నుంచి బీరువా మీదికి దిగాయి. ఇక మోకాలినీ మొగుడినీ పట్టించుకోకుండా నిచ్చెన వేసి అటక ఎక్కాను. పాత ఇత్తడి బిందెలు జరిపాను. వాటి వెనక మూలలో గోడకు ఇటుకంత కంత. ఒక విడి ఇటుకను అడ్డం పెట్టారు గాని చుట్టూ సిమెంటు లేదు. ఇటుక పక్కన గుప్పెడు సందు, సందు అంచులన్నీ జిడ్డుతో నల్లగా మెరుస్తున్నాయి. అవతల కిటికీ సన్‌షేడ్ కనిపించింది. మురుగు పైపు పట్టుకుని సన్‌షేడ్ మీదికి, అక్కడి నుంచి తిన్నగా నా మనవడి ఉయ్యాల గదిలోకి.

"ఏమయ్యా! ఇట్లా రా!" అని అరిచాను.

ఆయన వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. పైకి చూడలేదు.

"అది సారం కట్టిన బొక్క" అన్నాడు.

గోడ లేపేటప్పుడు, నిలబడి పనిచేయడానికి కట్టే సారవ వాసాలు గుచ్చడానికి గోడలో ఇటుకంత కంతలు వదులుతారు. పని అయ్యాక సారవ విప్పుతూ ఒక్కొక్కటీ పూసుకుంటూ దిగుతారు. మేస్త్రీ పెళ్ళాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు.

"దీన్నెందుకు పూయలేదు?"

"కావాలనే వదిలినాను. మా నాయన చెప్పినాడు. మేస్త్రీ తన ఇల్లు తాను పూర్తి చేసుకోకూడదు. చేస్తే వంశం ఆడికి పూర్తయినట్టే. మన బిడ్డకు బిడ్డ పుట్టి, ఈ ఇంట్లో ఏడుపు వినబడినాక అప్పుడు పూయాల."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"బిడ్డ రావాలని వదిలిన బొక్కలోంచి ఎలుకలొచ్చి, బిడ్డను రానీకుండా చేస్తా ఉండాయి కదయ్యా! మూడు వారాలు నన్ను పిచ్చిదాన్ని చేసినావు. నిన్న పదిమందిలో నా తల తీసినావు. అప్పుడన్నా నోరు తెరవకూడదా?"

"ఒకసారి పూసినారు దాన్ని" అన్నాడు మెల్లగా. "రెండేండ్ల ముందు ఇంటికి రంగులేసినప్పుడు. రంగులాయన నాకు చెప్పకుండా సిమెంటు కొట్టేసినాడు. నేను చూసుకోలేదు. ఆ వారమే కదా పిల్లకు కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి నేనే ఉలితో మళ్ళీ పగలగొట్టినాను. ఇప్పుడెట్లా పూసేది, చెప్పు."

రెండేళ్ళుగా ఈ మనిషి ఆ మాట కడుపులో పెట్టుకుని నా పక్కనే అన్నం తిన్నాడు. జాలి పడాల్సిన చోట నాకు ఇంకా కోపమే వచ్చింది. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా! విసురుగా నిచ్చెన దిగి పెరట్లోకి పోయాను. పైపుకు పూయగా మిగిలిన సిమెంటు ఉంది. తట్టలో ఇసుకతో కలిపి, నీళ్ళు పోసి, ఆయన తాపీ తీసుకుని మళ్ళీ అటక ఎక్కాను.

"నువ్వు పూయలేకపోతే నేనే పూస్తాను."

తాపీ నిండా సిమెంటు మాలు తీసుకుని కంత ముందు కూర్చున్నాను. చెయ్యి ముందుకు పోలేదు. కిందనుంచి ఆయన ఆపలేదు, పూయమనీ అనలేదు. మూఢనమ్మకమని నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి రాలేదు. ఏమన్నా అయితే? ఆ ఒక్క ప్రశ్న ఆయన దగ్గరి నుంచి ఇప్పుడు నాకూ అంటుకుంది. కోపంతో కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తాపీ తట్టలో పడేసి అటక మీదనుంచే మా అమ్మాయికి ఫోన్ చేశాను. ఎవరి బిడ్డ గురించి మేమిద్దరం ఇంత గొడవ పడుతున్నామో, ఆ మనిషినే అడుగుదామనుకున్నాను. కంత సంగతి, వాళ్ళ తాత మాట, రంగులాయన సంగతి అంతా చెప్పాను. ఫోన్ గొంతు ఆయనకు కూడా వినబడేటట్టు పెట్టాను.

అది అంతా విని నన్నే ఒక మాట అడిగింది.

"అమ్మా, రంగులు వేయించే ముందు నువ్వు ఫోన్ చేసి హాల్లో పచ్చరంగు వేద్దామా, నీలమా అని అడిగితివి, గుర్తుండాదా?"

"ఆఁ."

"ఆ పొద్దున్నే నాకు నెత్తురు కనబడినాది. అప్పటికి రంగులాయన మన ఇంటికి రానే లేదు. నువ్వు అంత సంతోషంగా అడుగుతా ఉంటే చెప్పలేకపోయినాను. అదే సరైపోతాదిలే అనుకున్నాను. నాయన తప్పు ఏం లేదు. ఆ బొక్కకూ దానికీ ఏం లేదు."

ఆ రోజు పిల్ల "పచ్చే వెయ్యి మా, బాగుంటాది" అని చెప్పింది. నేను సరేనని ఫోన్ పెట్టేసి పప్పు తాలింపు వేసుకున్నాను. దాని గొంతులో ఏదో తేడా ఉందని కన్నతల్లికి తెలియలేదు. తలుపు కింద సందు కనిపెట్టాను, గోడ మీద చార కనిపెట్టాను, పెంటిక నొక్కి ఎన్ని రోజులదో చెప్పాను. ఇది మాత్రం కనిపెట్టలేకపోయాను.

మా ఆయన నిచ్చెన ఎక్కి వచ్చాడు. తట్టలోకి చూసి, "ఇది మాలా, మజ్జిగా? ఇంత నీళ్ళా పోసేది?" అన్నాడు. తట్ట తీసుకుని దిగి, నేను కలిపింది అవతల పారబోసి కొత్తగా కలుపుకుని వచ్చాడు. అందులో సీసా పెంకులు దంచి వేశాడు. పచ్చి సిమెంటును ఎలుక తవ్వుతుందట, గాజు తగిలితే వెనక్కి పోతుందట. విడి ఇటుకను తీసి, తడిపి, మాలు పట్టించి మళ్ళీ పెట్టాడు. అంచులు తాపీతో నున్నగా లాగాడు. అయిపోయాక కూడా ఆ నాలుగు అంచులే లాగుతూ ఉన్నాడు.

ఫోన్ ఇంకా పెట్టేయలేదు. "పూసినావా నాయనా?" అని అడిగింది మా అమ్మాయి.

"పూసినానమ్మా. నాలుగు దినాలు నీళ్ళు కొట్టాల. శుక్రవారం నేనే వస్తాను, నిన్ను పిల్చుకోని వచ్చేదానికి."